వదలమని చెప్పు

టైలరు పిన్ని కిరాణా కొట్టాయనతో అన్నదట, కొట్టాయన తన భార్యతో అన్నాడట, ఆవిడ నీళ్ల పంపు దగ్గర టీచరుగారి చెవిన వేసిందట: "డ్రైవరమ్మ కారు నిన్న నా గోడ మీదికి వచ్చింది. బ్రేకులు కొత్తవే! కొత్త బ్రేకులు పడకపోవడమేంటి? అదంతా ఆ తమ్ముడి పని. వేరే షెడ్డు పెట్టుకుంటున్నాడుగా, పోతూ పోతూ బావ పేరు మీద మట్టి కొట్టి పోదామని. సొంత అక్క ఎక్కే బండి అని కూడా చూళ్లేదు పాపిష్టోడు."

ఇందులో బ్రేకులు కొత్తవన్నదీ, కారు గోడ మీదికి వచ్చిందన్నదీ నిజం. పిన్ని గోడకీ కారు ముక్కుకీ మధ్య ఒక పూలకుండీ పట్టేంత జాగా మిగిలింది. అక్కడ పూలకుండీ ఉంది కూడా. అది బతికింది. మిగతాదంతా పిన్ని సొంత కుట్టుపని.

డ్రైవరమ్మ ఆ రోడ్డు మలుపులో ఉన్న మెకానిక్ మేస్త్రి భార్య. షెడ్డు ఆయనది, కారు ఆవిడది. కొండ మీది ఇళ్లవాళ్లని కింద పట్నంలో దించడం, సాయంత్రం మళ్లీ ఎక్కించడం ఆవిడ బతుకుతెరువు. ఆవిడ తమ్ముడు మీసాలు రాకముందే బావ దగ్గర పానా పట్టుకున్నాడు. ఇప్పుడు మీసాలూ వచ్చాయి, పనీ వచ్చింది, రోషమూ వచ్చింది. ఆయన పెద్ద మేస్త్రి అయితే వాడు చిన్న మేస్త్రి.

బ్రేకులు ఎందుకు మార్చారంటే, ఆ మధ్య నిండు కారుతో కొండ దిగుతుంటే కింది మలుపుల దగ్గర ముందు చక్రాల్లోంచి మాడు వాసన వచ్చింది. పెడలు గట్టిగానే ఉంది, కాలు బలంగానే తొక్కింది, కారు మాత్రం తన మానాన తను పోయింది. గేరు తగ్గించి, చేతి బ్రేకు లాగి, మట్టి దిబ్బకి ఒరిపించి ఎలాగో ఆపింది డ్రైవరమ్మ. వెనక సీట్లో టీచరుగారు అరవలేదు. కళ్లజోడు తీసి సంచిలో పెట్టుకున్నారంతే. ఎందుకండీ అంటే, "పగిలితే కంట్లో గుచ్చుకుంటుందని," అన్నారు.

ఆ రాత్రి డ్రైవరమ్మ అన్నం కలుపుతూ, "పెద్ద డిస్కులు, వాటిని పట్టి ఆపే పెద్ద కాలిపర్లు వేస్తే తప్ప నేను కొండ దిగను," అని తేల్చేసింది. బావ సరేనన్నాడు, బావమరిది వెళ్లి సామాను ఎంచి తెచ్చాడు. ఇద్దరూ కలిసి బిగించారు. కలిసి అంటే, ఒకరితో ఒకరు ఒక్క ముక్క మాట్లాడుకోకుండా.

మాటలు పోయింది చక్రం నట్ల దగ్గర. ఒకాయన కారుకి మేస్త్రి నట్లు బిగించి చేతులు తుడుచుకుంటుంటే, తమ్ముడు వచ్చి అదే నట్టు మీద పానా పెట్టి ఒక తోపు తోశాడు. నట్టు కాస్త తిరిగింది. "ఇది తిరిగింది బావా," అన్నాడు వాడు. కారాయన నవ్వాడు. అంతే. నా చేతి బిగింపు మీద, అదీ పరాయివాడి ముందు, చెయ్యి వేస్తాడా అని మేస్త్రి మూతి ముడుచుకుంది. తిరిగినదాన్ని తిరిగిందనక ఏమనాలి అని తమ్ముడి మూతీ ముడుచుకుంది. అప్పట్నుంచి ఆయన నోట్లో వీడు "మీ తమ్ముడు", వీడి నోట్లో ఆయన "మీ ఆయన". మధ్యలో డ్రైవరమ్మ.

"పన్నెండో నంబరు పానా ఇమ్మను."

"ఒరేయ్, పన్నెండు ఇవ్వరా."

ఆవిడ నోరు విప్పేలోపే పానా మేస్త్రి చేతిలో ఉండేది. ఎదురెదురుగా కూర్చున్నవాళ్లకి వినపడక చస్తుందా? అయినా ఆవిడ అనాలి. అనకపోతే వాడు ఇచ్చినట్టూ కాదు, ఆయన తీసుకున్నట్టూ కాదు. కొన్నాళ్లకి అదే అలవాటైపోయింది. ఇంట్లో కిర్రుమనే తలుపులాగా, ఎవరికీ ఆ చప్పుడు వినపడటం మానేసింది.

ఆ పొద్దున టీచరుగారు వేళకన్నా ముందే వచ్చేశారు. షెడ్డులో గోడవారగా ఒక పాత కారు సీటు బెంచీలా పడి ఉంటుంది. సంచి ఒళ్లో పెట్టుకుని దాని మీద కూర్చున్నారు. ఆవిడ మూత్రపిండాలు పనిచెయ్యవు. పట్నం ఆసుపత్రిలో మెషీను మీద రక్తం శుభ్రం చేయించుకుంటేనే మనిషి నిలబడుతుంది. కారు షెడ్డులో ఉండిపోవడంతో పోయినసారి వంతు తప్పిపోయింది. ఈ మధ్యాహ్నం వంతు కూడా తప్పితే ఏమవుతుందో ఎవరూ పైకి అనడం లేదు. బస్సు తెల్లారే దిగిపోయింది. ఇంకో కారు పెళ్లివాళ్లు మాట్లాడుకుని పట్టుకుపోయారు.

డ్రైవరమ్మ ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుని పాదం మీద బొటనవేలితో నొక్కింది. గుంట పడింది. వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయింది.

"ఊపిరి ఎలా ఉందండీ?"

"ఉంది. వస్తోంది, పోతోంది. నువ్వు వెళ్లి నీ పని చూడు. నన్ను చూస్తే నీ కారు బాగవుతుందా?"

డ్రైవరమ్మ లేచి కార్లో కూర్చుంది. పెడలు తొక్కింది. అడుగుదాకా మెత్తగా దిగిపోయింది, వానకి నానిన గట్టు మీద కాలేసినట్టు. వెంటనే రెండోసారి తొక్కితే సగంలో ఆగింది. మళ్లీ తొక్కితే ఇంకా పైనే ఆగింది. కాసేపు వదిలేసి తొక్కితే, మళ్లీ అడుగుకే.

"నిన్నటిలాగే ఉంది," అంది కిందికి దిగి.

చక్రాలు తీసేసి, కారుని స్టాండ్ల మీద నిలబెట్టి ఉంది. మేస్త్రి ఎడమ చక్రం దగ్గర గొంతుకూర్చుని ఉన్నాడు. తమ్ముడు బానెట్టు మీదికి ఒంగి ఉన్నాడు. ఇద్దరి మధ్యా ఒక మూర దూరం.

"రబ్బరు పైపులు పాతవక్కా," అన్నాడు తమ్ముడు. "తొక్కినప్పుడల్లా ఉబ్బుతున్నాయేమో. మొన్నే చెప్పా మీ ఆయనకి మార్చేద్దామని."

"నాకు ఎవరూ చెప్పలేదే!" అన్నాడు మేస్త్రి భార్య వైపు చూసి.

"నీకే చెప్పాగా అక్కా?"

డ్రైవరమ్మ నుదురు కొట్టుకుంది. "చెప్పావురా. స్టవ్వు మీద పాలు పొంగుతున్నాయి, మర్చిపోయా."

"పైపులు కాదు," అన్నాడు మేస్త్రి. "అంతంత కాలిపర్లకి ఈ పాత మాస్టర్ సిలిండరు చాలినంత నూనె తొయ్యగలదా అని, కొనేముందు లెక్క చూసుకున్నాడేమో అడుగు."

"చూసే కొన్నానని చెప్పు. సిలిండరు చాలకపోతే పెడలు లోతుకి పోతుంది. ఇలా దూదిలా ఉండదు."

"పోనీ, కుడి కాలిపరు ఎడమకీ ఎడమది కుడికీ వేసేశారా?" అని డ్రైవరమ్మ అడిగింది. అలా వేస్తే గాలి తీసే మర కిందికి వస్తుంది. గాలేమో పైన చిక్కుకుంటుంది. ఎంత తీసినా రాదు. షెడ్డులో కాపురం చేస్తే ఆ మాత్రం తెలుస్తుంది.

"నిపిల్ పైనే ఉంది!" అన్నారు ఇద్దరూ ఒక్కసారి, ఒకే గొంతుతో. అలా కలిసి అనేసినందుకు ఇద్దరికీ మొహాలు మాడిపోయాయి. టీచరుగారు సంచి చాటున నవ్వుకున్నారు.

"అక్కా, ముందు పైపులు రెండూ క్లిప్పులు పెట్టి బిగబట్టమను," అన్నాడు తమ్ముడు. అంటే నూనె చక్రాల దాకా పోకుండా దారి మూసెయ్యడం. మేస్త్రి గొణుక్కుంటూనే బిగించాడు. డ్రైవరమ్మ పెడలు తొక్కింది. రాయి! కాలు కింద కదల్లేదు.

మేస్త్రి మొహంలో కాస్త రంగు తగ్గింది. సిలిండరు బాగుందన్నమాట. వెనక చక్రాలూ బాగున్నాయన్నమాట. కుడి క్లిప్పు వదిలారు. పెడలు మెత్తబడింది. కుడిది బిగించి ఎడమది వదిలారు. అదే మెత్తదనం, అంతే లోతు. తమ్ముడు రెండు పైపులనీ మార్చి మార్చి గుప్పిట్లో పట్టుకుని అక్కని తొక్కమన్నాడు. పైపు గుప్పిట్లో ఉబ్బలేదు. ఈసారి వాడి మొహంలో రంగు తగ్గింది.

ఇక మిగిలింది గాలి. రెండు కాలిపర్లలోనూ గాలి ఉంది. నూనె తొక్కితే నలగదు, గాలి నలుగుతుంది. ఎంత బలంగా తొక్కినా ఆ బలాన్ని చక్రం దాకా పోనివ్వకుండా గాలి మధ్యలోనే మింగేస్తుంది. అయితే గాలి తియ్యక కాదు. నిన్నంతా తీస్తూనే ఉన్నారు. ఒకరు పెడలు తొక్కి పట్టుకోవాలి. ఇంకొకరు చక్రం దగ్గర నిపిల్ అనే ఆ చిన్న మరని వదులు చెయ్యాలి. గాలీ నూనే కలిసి బయటికి వస్తాయి. మళ్లీ మర బిగించాక పెడలు వదలాలి. ఇంతే. ఈ షెడ్డులో ఎన్ని కార్లకి చేశారో లెక్కే లేదు. ఈ మాటల్లేని రోజుల్లో మాత్రం బండి ఎవరిదో వాళ్లనే సీట్లో కూర్చోబెట్టి తొక్కించేవాడు మేస్త్రి. ఈ కారు ఇంటిది. దీని గాలి నేనే తీస్తానని ఆయన కూర్చున్నాడు. మా అక్క బండికి పెడలు నేనే తొక్కుతానని వాడు ఎక్కాడు. ఎవరూ తగ్గలేదు. ఇద్దరికీ మధ్య డోరు పట్టుకుని డ్రైవరమ్మ నిలబడింది.

ఇప్పుడు ఆవిడకి ఒక ఆలోచన వచ్చింది. వచ్చిన ఆలోచన వచ్చినట్టే బయటికి అనేసింది. "ఒక పక్కే జబ్బుంటే సామాను తప్పు అనుకోవచ్చు. రెండు పక్కలా అచ్చంగా ఒకటే జబ్బుంటే, సామాను కాదు. చేసే చేతిలోనే ఏదో ఉంది."

షెడ్డులో గాలి బిగుసుకుంది.

"ఏ చెయ్యో ఊరంతా అనుకుంటూనే ఉంది," అన్నాడు మేస్త్రి, పానా వంక చూస్తూ.

తమ్ముడు బానెట్టు మీంచి లేచాడు. "ఏమనుకుంటోందో చెప్పమనక్కా."

"వదిలెయ్యరా."

"లేదు, చెప్పమను. కొట్టాయన నాతోనూ అన్నాడు. నేనే కావాలని చేశాననేగా? పోతూ పోతూ ఈయన పేరు చెడగొడదామని? మీ ఆయన అది నమ్ముతున్నాడో లేదో, ఆ ఒక్క ముక్క చెప్పమను."

మేస్త్రి నమ్ముతున్నాననలేదు. నమ్మడం లేదనీ అనలేదు. పానా మీది జిడ్డుని గోటితో గీకుతున్నాడు. అది అనడం కన్నా హీనంగా ఉంది.

తమ్ముడు చేతిలోని గుడ్డ నేలకేసి కొట్టాడు. "ఈ కార్లో కొండ దిగేది మా అక్క!"

"వాడి అక్క నాకేమీ కాదనుకుంటున్నాడేమో అడుగు," అన్నాడు మేస్త్రి, గొంతు లేపి.

"ఎవర్ని అడగాలి? ఏమని? నేను మీకేమవుతానో వాణ్ణి అడగమని నాకే చెబుతున్నారా?" డ్రైవరమ్మ గొంతు చీలిపోయింది. నిన్నట్నుంచీ అటు మాట ఇటూ ఇటు మాట అటూ మోసి మోసి ఆవిడ గొంతు బొంగురుపోయి ఉంది. "అదిగో, ఆవిణ్ణి చూడండి ఒకసారి. ఇద్దరూ చూడండి."

చూశారు. టీచరుగారు గోడకి తల ఆనించి, నోటితో గాలి పీలుస్తున్నారు. అందరూ తనని చూస్తున్నారని తెలిసి నోరు మూసుకున్నారు.

"నా గురించి కాదులే," అన్నారు. "నా క్లాసులో ఇలాంటి జత ఉంటే ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి, ఇద్దరికీ ఒకే పుస్తకం ఇచ్చేదాన్ని. పేజీ తిప్పాలన్నా అడిగి చావాలి."

తమ్ముడు గుమ్మం దాకా వెళ్లాడు. అక్కడ ఆగాడు. ఎండ వైపు చూస్తూ కాసేపు నిలబడ్డాడు. వాడు ఆ గుమ్మం దాటితే ఇంక ఆ షెడ్డులోకి రాడని డ్రైవరమ్మకి తెలుసు. పిన్ని మాట అబద్ధమే అయినా ఆ క్షణాన నిజమైపోతుంది.

"ఒరేయ్," అంది, బతిమాలుతున్నట్టు కాదు, కసిరినట్టూ కాదు. "ఇంకొక్కసారి తీద్దాం. నూనె కూడా ఒక్కసారికే మిగిలింది. ఆ తర్వాత నీ ఇష్టం."

వాడు వెనక్కి వచ్చాడు. ఎవరి మొహమూ చూడకుండా సీట్లో కూర్చున్నాడు. మేస్త్రి ఎడమ చక్రం దగ్గరికి ఒంగి, నిపిల్‌కి తెల్లటి గొట్టం ముక్క తొడిగి, దాని కొస డబ్బాలోకి వేలాడదీశాడు. డ్రైవరమ్మ తన చోటులో నిలబడింది.

"తొక్కమను."

"తొక్కరా."

"పట్టానని చెప్పు."

"పట్టాడండీ."

మర తిరిగింది. గొట్టంలో నూనె చిమ్మింది. దానితో పాటు బుడగలు వచ్చాయి, సబ్బు నీళ్లలోలాగా.

"వదలమను."

"వదలరా."

మళ్లీ తొక్కమను. తొక్కరా. పట్టానని చెప్పు. పట్టాడండీ. వదలమను. వదలరా. బుడగలు తగ్గడం లేదు. వస్తున్నకొద్దీ వస్తున్నాయి. మేస్త్రి మెడ మీద నరం లేచింది. డబ్బాలో నూనె పెరుగుతోంది, సీసాలో తరుగుతోంది. డ్రైవరమ్మకి గొంతు ఎండి మాట పెగల్లేదు. కిటికీ గట్టు మీది నీళ్ల బాటిల్ తీసి గటగటా నోట్లో పోసుకుంది. నోరు నిండా నీళ్లున్నాయి, ఇంకా మింగలేదు.

"వదలమను," అన్నాడు కింద మేస్త్రి.

లోపల పెడలు ఠప్పుమని పైకి లేచింది.

డ్రైవరమ్మ కళ్లు గొట్టం మీద ఉన్నాయి. బయటికి వచ్చిన నూనె అంతే వేగంగా వెనక్కి ఎక్కింది. దాని వెనకే ఒక గాలి బుడగ, పూసంత, జారి లోపలికి పోయింది. మేస్త్రి చేతిలో పానా ఇంకా తిరుగుతూనే ఉంది. బుడగ లోపలికి పోయాక మర బిగుసుకుంది.

ఆవిడ నీళ్లు మింగింది.

"ఎందుకు వదిలావురా?"

"వదలమన్నావుగా."

"నేను అనలేదు."

"అన్నావక్కా. ఇప్పుడేగా..."

"నా నోట్లో నీళ్లున్నాయిరా. నేను ఎలా అంటాను?"

తమ్ముడు నోరు తెరిచాడు. చక్రం దగ్గర్నుంచి మేస్త్రి తల లేచింది. డ్రైవరమ్మ బాటిల్ మూత బిగించింది, చాలా మెల్లగా.

"నువ్వు నా మాట విని వదలడం లేదు. ఆయన మాట వినే వదులుతున్నావు. నేను అనేది ఆ తర్వాత."

వాడు స్టీరింగు వంక చూశాడు. "చెవులున్నాయి కదక్కా. వినపడుతుంది."

"మీరు," అని మొగుడి వైపు తిరిగింది. "మర బిగించాకే అంటున్నారా వదలమని?"

ఆయన కళ్లు పానా మీద, నిపిల్ మీద, తెల్ల గొట్టం మీద ఒకదాని వెంట ఒకటి నిలిచాయి. చేసిన పనినంతా వెనక్కి తిప్పి చూసుకుంటున్నాడు.

"నువ్వు చెప్పి, వాడు వినేసరికి కొంచెం టైము పడుతుంది కదా అని..." గొంతు దిగిపోయింది. "బిగించడం మొదలుపెడుతూనే అంటున్నా. నీ నోటి నుంచి వెళ్లేలోపు బిగిసిపోతుందని."

అంతే సంగతి. ఆయన మధ్యలో మనిషి ఉందని లెక్కేసి ముందే అంటున్నాడు. వాడు మధ్యలో మనిషి లేనట్టే విని వెంటనే వదులుతున్నాడు. బిగియని మరలోంచి కాలిపరు ప్రతిసారీ ఒక గుక్క గాలి తాగింది. ఎడమన ఎన్నిసార్లు తీశారో అన్ని గుక్కలు, కుడిన ఎన్నిసార్లు తీశారో అన్ని గుక్కలు. తీసినవాళ్లే పోశారు. సామానులో తప్పు లేదు. కుట్రా లేదు. పానా అందించడానికి ఈ ఏర్పాటు చాలింది గానీ, బ్రేకులకి చాల్లేదు.

ఇంతవరకూ డోరు దగ్గరే నిలబడ్డ డ్రైవరమ్మ దాన్ని వదిలేసింది. వెళ్లి పాత సీటు మీద టీచరుగారి పక్కన కూర్చుంది.

"అక్కా?"

"నేను లేను."

"ఏమే, ఇదిగో..." అన్నాడు మేస్త్రి.

"నేను లేనండీ. పొయ్యాను. టీచరుగారికి టైమవుతోంది."

షెడ్డు రేకుల మీద కాకి ఒకటి గోళ్లు గీరుతూ నడుస్తోంది. రోడ్డు మీద ఎవరిదో సైకిలు బెల్లు మోగుతూ దూరమైంది. మేస్త్రి గొంతుకూర్చున్నవాడు అలాగే ఉన్నాడు. తమ్ముడు స్టీరింగుని రెండు చేతులా పట్టుకుని అద్దంలోంచి ఎదురుగోడ చూస్తున్నాడు. టీచరుగారి ఊపిరి ఒక్కటే వినపడుతోంది. లోపలికి పోయేటప్పుడు ఒక చప్పుడు, బయటికి వచ్చేటప్పుడు ఇంకో చప్పుడు. ఆ చప్పుడుని ముగ్గురూ వింటున్నారు. డ్రైవరమ్మ పెదవి కొరుక్కుంది. ఇంకాసేపు ఇలాగే ఉంటే తను లేచి మళ్లీ డోరు దగ్గరికి వెళ్లిపోతుందని భయపడి, టీచరుగారి సంచి పట్టీని వేలికి చుట్టుకుంది.

"తొక్కు," అంది కిందినుంచి ఒక గొంతు. ఎవరితోనో కాదు, చక్రంతో అన్నట్టు.

పెడలు దిగింది.

చాలాసేపటికి, "పట్టా," అని వినపడింది, అదీ స్టీరింగుతో అన్నట్టు.

మర తిరిగింది. నూనె చిమ్మింది. మర బిగిసింది. మేస్త్రి పానాని ఇంకోసారి చేత్తో నొక్కి చూసుకుని మరీ అన్నాడు: "వదులు."

వాడు వెంటనే వదల్లేదు. ఒక్క క్షణం ఆగాడు. అప్పుడు వదిలాడు. గొట్టంలో నూనె ఎక్కడిదక్కడే నిలబడింది.

"తొక్కు."

"పట్టా."

"వదులు."

బుడగలు పెసరగింజలంత అయ్యాయి. తర్వాత ఆవగింజలంత. తర్వాత ఎప్పుడో ఒకటి. మేస్త్రి డబ్బా పట్టుకుని కుడివైపుకి మారాడు. సీసాలో నూనె అడుగంటుతోంది. వంగి చూస్తూ, చాలదేమోనని డ్రైవరమ్మ ఊపిరి బిగబట్టింది.

"తొక్కు."

"పట్టా బావా."

పానా ఒక్క క్షణం ఆగింది. మళ్లీ తిరిగింది. వాడు నాలుక కరుచుకున్నాడో లేదో అద్దంలో కనపడలేదు. మేస్త్రి విన్నాడో లేదో ఆయన వీపు చెప్పలేదు.

"వదులు."

గొట్టంలో నూనె కొస నుంచి కొస దాకా ఒకే రంగులో, ఒక్క చుక్క తెగకుండా నిలిచింది. మేస్త్రి నిపిల్ మూత పెట్టేశాడు. చక్రాలెక్కించి, నట్లు బిగించి, కారుని నేలకి దించాడు. డ్రైవరమ్మ వెళ్లి పెడలు తొక్కింది. పైనే ఆగింది, గడప తన్నినట్టు. కాసేపు ఆగి తొక్కింది. అక్కడే. ఇంకాసేపు ఆగింది. అక్కడే.

కారు తీసి ఏటవాలు రోడ్డు మీద మెల్లగా పోనిచ్చింది, తర్వాత వేగంగా, సరిగ్గా పిన్ని గోడ మీదికి. పిన్ని మెడలో టేపు వేలాడదీసుకుని గేటు దగ్గరే ఉంది. పూలకుండీని రెండు చేతులా ఎత్తుకుని గబగబా వెనక్కి పోయింది. కారు ముందుకు ఒకసారి ఒంగి, గోడకి చాలా ఇవతలే చతికిలబడింది.

"అమ్మయ్య! అయితే ఎవరిదే తప్పు చివరికి? నేను అనుకున్నట్టేనా?" అంది పిన్ని కుండీ దించకుండానే.

"మాటలు మోసేవాళ్లది పిన్నీ," అంది డ్రైవరమ్మ రివర్సు గేరు వేస్తూ. పిన్నికి అది తననే అన్నట్టు తోచింది. అందులో సగం నిజమే.

టీచరుగారిని పట్టుకుని వెనక సీట్లో కూర్చోబెట్టారు, ఒక చెయ్యి బావ, ఒక చెయ్యి బావమరిది. ఆవిడ కళ్లజోడు సర్దుకున్నారు. ఈసారి సంచిలో పెట్టలేదు. డ్రైవరమ్మ ఇంజను వేసింది. మధ్యాహ్నం ఇంకా పూర్తిగా జారిపోలేదు. తిన్నగా పోతే వంతు అందుతుంది.

తమ్ముడు కిటికీ దగ్గరికి వచ్చాడు. వాడి చూపు ముందు చక్రం మీద ఉంది.

"అక్కా, నట్లు ఒకసారి చూడమని చెప్పు."

రెండో కిటికీ దగ్గర మేస్త్రి మెడ బిర్రబిగుసుకుంది. "ఇప్పుడే బిగించా, చూడక్కర్లేదని చెప్పు."

డ్రైవరమ్మ ఇంజను ఆపేసింది. తాళం తీసి కొంగుకి కట్టుకుంది. దిగి, డిక్కీలోంచి చక్రం పానా తీసి తమ్ముడి చేతిలో పెట్టింది.

"నువ్వు బిగించు. ఆయన ఎదురుగానే బిగించు. నువ్వు బిగించాక ఆయన చూస్తాడు."

మేస్త్రి మొహం కందగడ్డలా అయింది. "ఏంటే ఇది? నా చేతి మీద నమ్మకం లేదా నీకు?"

"లేదు. వాడి చేతి మీదా లేదు. కొండ దిగేది మేమిద్దరం, మీరు కాదు."

తమ్ముడు ముందు చక్రం దగ్గర కూర్చుని నట్టు మీద పానా పెట్టాడు; మేస్త్రి వచ్చి వాడి పక్కనే గొంతుకూర్చుని, పానా కోసం చెయ్యి చాపాడు.